పేరు పెట్టి పిలిస్తే పలికే పని: గేమ్‌లు రాసే పిల్లల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే చోట తిరుగుతున్నాయి. గేమ్ మొదలెట్టినప్పుడు బానే ఉంది మేడమ్, పది రోజులయ్యేసరికి మొత్తం చిక్కుపడిపోయింది, ఏది ఎక్కడుందో నాకే తెలీట్లేదు అని. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి ఈసారి ప్రొసీజర్ రాయడం ఒక్కటే తీసుకున్నా. బ్లాకులు పేర్చి గేమ్‌లు చేసే స్క్రాచ్‌లో దీన్ని మై బ్లాక్స్ అంటారు, కోడ్ టైప్ చేసి రాసే స్మాల్ బేసిక్‌లో సబ్ అంటారు, పేరు ఏదైనా పని ఒకటే. స్క్రీన్ మీద బటన్ల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి కదా, మీరు పైకి చదివినట్టే ఇక్కడ రాస్తున్నా.

ప్రశ్న: మేడమ్ నమస్తే. నేను 8వ తరగతి, మాది విజయవాడ పటమట. స్క్రాచ్‌లో పడవ గేమ్ చేస్తున్నా. 2024 సెప్టెంబర్ వరదల్లో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకి గుద్దుకున్నాయి కదా, అది చూసినప్పుడు వచ్చిన ఐడియా. నా లాంచీ వెళ్ళి ఆ పడవల్ని గేట్ల దాకా రాకుండా పక్కకి నెట్టాలి. లాంచీకి దుంగ తగిలినా, గేటు తగిలినా, రాయి తగిలినా, ఒడ్డు తగిలినా ఒక లైఫ్ పోవాలి. నాలుగు చోట్లా అదే కోడ్ కాపీ చేశా. ఇప్పుడు దుంగ తగిలితే మాత్రం 2 లైఫ్‌లు పోతున్నాయి. మా అన్నయ్య చూసి ప్రొసీజర్ రాసుకోరా అన్నాడు. ప్రొసీజర్ అంటే ఏంటి, స్క్రాచ్‌లో ఎక్కడుంటుంది?

జవాబు: నాన్నా, మీ అన్నయ్య సరిగ్గా చెప్పాడు. నువ్వు పంపిన స్క్రీన్ ఫోటో చూశా. దుంగ దగ్గర లైఫ్ తగ్గించే బ్లాక్ రెండుసార్లు ఉంది. ఎందుకొచ్చిందంటే, రైట్ క్లిక్ చేసి డూప్లికేట్ కొడితే ఆ బ్లాక్ ఒక్కటే రాదు, దాని కింద అతుక్కున్న బ్లాకులన్నీ కూడా వచ్చేస్తాయి. నువ్వు కింద తోకని తీసేసే తొందర్లో ఒకటి వదిలేశావు. నాలుగు కాపీలు ఉన్నప్పుడు ఇలాంటిది జరగకపోతేనే ఆశ్చర్యం, పెద్ద పెద్ద ప్రోగ్రామర్లకీ ఇదే జరుగుతుంది.

ఇప్పుడు ప్రొసీజర్ సంగతి. ఇంట్లో అమ్మ "పప్పులో పోపు పెట్టు" అంటుంది చూడు, అంతే అంటుంది. మూకుడు పెట్టు, నూనె పొయ్యి, కాగాక ఆవాలెయ్యి, అవి చిటపటలాడాక జీలకర్ర, ఎండుమిరపకాయ తుంచి వెయ్యి, వెల్లుల్లి చిదిమి వెయ్యి, కరివేపాకు, ఇంగువ అని రోజూ పూస గుచ్చినట్టు చెప్పదు, ఎందుకంటే ఆ వరస మొత్తానికి పోపు అని ఒక పేరుంది, ఆ పేరు వెనకాల ఏమేం చెయ్యాలో ఒకసారి నేర్చేసుకున్నాం. పప్పుకైనా చారుకైనా పెరుగుపచ్చడికైనా పేరు పిలిస్తే చాలు. రేపట్నుంచి మనింట్లో పోపులో వెల్లుల్లి వద్దు అని ఒకసారి అనుకుంటే అన్నిట్లోనూ మానేసినట్టే, పప్పుకి వేరే, చారుకి వేరే చెప్పక్కర్లా. ప్రొసీజర్ అంటే అదే. కొన్ని పనుల వరసకి ఒక పేరు పెట్టడం, కావాల్సిన చోటల్లా ఆ పేరుతో పిలవడం.

స్క్రాచ్‌లో ఎడమవైపు రంగురంగుల గుండ్రాలు ఉంటాయిగా, మోషన్, లుక్స్, సౌండ్ అని, వాటిల్లో కిందకెళితే గులాబీ రంగులో మై బ్లాక్స్ ఉంటుంది. అందులో మేక్ ఎ బ్లాక్ నొక్కు. పేరు అడుగుతుంది. "దెబ్బ తగిలింది" అని పెట్టు, తెలుగులో టైప్ చేసినా తీసుకుంటుంది. ఓకే కొట్టగానే రెండు వస్తాయి, ఒకటి కోడ్ రాసే చోట డిఫైన్ దెబ్బ తగిలింది అనే టోపీ బ్లాక్, ఇంకోటి ఎడమవైపు పెట్టెలో దెబ్బ తగిలింది అనే మామూలు బ్లాక్. టోపీ కింద నేర్పించాలి, మామూలు బ్లాక్‌తో పిలవాలి. ఈ తేడా మనసులో పెట్టుకో, కొత్తవాళ్ళు సగంమంది ఇక్కడే ఆగిపోతారు: డిఫైన్ కింద అంతా రాసేసి జెండా నొక్కి ఏమీ జరగట్లేదేంటి అని చూస్తుంటారు. డిఫైన్ కింద రాసింది దానంతటదే నడవదు, ఎవరో ఒకరు పిలవాలి.

టోపీ కింద ఇలా పేర్చు. ముందు చేంజ్ లైఫ్‌లు బై మైనస్ 1. తర్వాత స్టార్ట్ సౌండ్. తర్వాత గో టు ఎక్స్ 0 వై 150, అంటే లాంచీ మళ్ళీ పైన మొదలైన చోటికి. తర్వాత రిపీట్ 3, దానిలోపల హైడ్, వెయిట్ 0.1, షో, వెయిట్ 0.1, లాంచీ మినుకు మినుకుమంటుంది. అంతే.

ఇక నాలుగు కాపీలూ తీసి పడెయ్. ఒక్క స్క్రిప్టు చాలు: వెన్ ఫ్లాగ్ క్లిక్డ్, ఫరెవర్ (ఆగకుండా తిరుగుతూ ఉండే బ్లాక్), లోపల ఒక ఇఫ్. ఆ ఇఫ్‌లో ఆకుపచ్చ ఆర్ బ్లాక్ పెట్టి టచింగ్ దుంగ, టచింగ్ గేటు. ఆర్‌లో రెండు గుంతలే ఉంటాయి, మూడోది కావాలంటే ఒక ఆర్‌లో ఇంకో ఆర్ దూర్చాలి, అది కుదురుతుంది భయపడకు. ఒడ్డుకి టచింగ్ కలర్ వాడి ఒడ్డు రంగు పట్టుకో. ఇఫ్ లోపల ఒకే ఒక్క గులాబీ బ్లాక్, దెబ్బ తగిలింది.

నాలుగు ఫరెవర్లు ఎందుకు తీసెయ్యమన్నానంటే, లాంచీ ఒకేసారి గేటునీ రాయినీ తాకిందనుకో, రెండు స్క్రిప్టులూ విడివిడిగా చెరో లైఫ్ కోసేస్తాయి. ఒకే స్క్రిప్టు అయితే దెబ్బ తగిలింది పూర్తయ్యేదాకా అది అక్కడే ఆగి ఉంటుంది, పూర్తయ్యాకే మళ్ళీ చూస్తుంది. పిలిచినవాడు పని అయ్యేదాకా నిలబడతాడు, ఇది ప్రొసీజర్‌కున్న గుణం. రేపు నువ్వు మినుకు 3 సార్లు కాదు 5 సార్లు కావాలి అనుకుంటే ఒక్క చోట 5 అని మారుస్తావు, వెతుక్కోనక్కర్లేదు.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను గుంటూరు బ్రాడీపేట నుంచి, ఇంటర్ మొదటి సంవత్సరం. మా తాతయ్య మిర్చి యార్డులో గుమాస్తాగా చేసేవారు, ఆయన కోసం ఒక గేమ్ చేస్తున్నా, పైనుంచి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పడుతుంటాయి, కింద బండితో పట్టాలి. తేజ రకం టిక్కీకి 10 పాయింట్లు, 334 రకానికి 5, తాలు (రంగు పోయిన నాసిరకం కాయ) పడితే మైనస్ 5. దీనికి తేజ పట్టాం, 334 పట్టాం, తాలు పట్టాం అని మూడు బ్లాకులు చేశా. మా ఫ్రెండ్ ఒకటే చాలు, ఇన్‌పుట్ పెట్టు అంది. పెట్టా. పాయింట్లు అని ఇన్‌పుట్ పేరు ఇచ్చి, అదే పేరుతో ఒక వేరియబుల్ చేసి చేంజ్ స్కోర్ బై దగ్గర పెట్టా. స్కోర్ అసలు కదలట్లేదు.

జవాబు: తల్లీ, ముందు తాతయ్యకి నా నమస్కారం చెప్పు. తాలుకి మైనస్ పెట్టావంటే యార్డు నీకు బాగా తెలిసినట్టే.

నీ ఫ్రెండ్ చెప్పింది నిజం. ఇన్‌పుట్ అంటే బ్లాకుని పిలిచేటప్పుడు దానికి ఇచ్చే విలువ. నీ మూడు బ్లాకుల్లో లోపల ఉన్నవి ఒకే నాలుగు వరసలు, అంకె ఒక్కటే తేడా. అన్నీ ఒకేలా ఉండి ఒక్క అంకె మాత్రం మారుతోందంటే అక్కడ ఇన్‌పుట్ ఉండాలని గుర్తు. పోపులో కూడా అంతే కదా, పప్పుకైతే రెండు మిరపకాయలు, పులిహోరకైతే ఎనిమిది, పోపు మాత్రం మారలేదు.

మరి స్కోర్ ఎందుకు కదల్లేదంటే, నువ్వు పాయింట్లు అనే పేరుతో వేరే వేరియబుల్ (విలువ దాచుకునే డబ్బా లాంటిది) చేసి అక్కడ పెట్టావు. పేరు ఒకటే అయినా స్క్రాచ్‌కి అది వేరు, నీ ఇన్‌పుట్ వేరు. ఆ వేరియబుల్‌లో నువ్వేమీ వెయ్యలేదు కాబట్టి దాన్లో 0 ఉంది, స్క్రాచ్ ఎర్రర్ చూపించదు, తప్పు అని చెప్పదు. 0 కలిపితే స్కోర్ ఎలా కదులుతుంది. వేరియబుల్ పెట్టకూడదు, ఇన్‌పుట్‌నే లాగాలి. డిఫైన్ టోపీ మీదే గులాబీ రంగు కోడిగుడ్డు ఆకారంలో పాయింట్లు అని ఉంది చూడు, దాన్ని మౌస్‌తో పట్టుకుని లాగితే దాని కాపీ ఒకటి వస్తుంది, దాన్ని తీసుకెళ్ళి చేంజ్ స్కోర్ బై గుంతలో వదులు. ఇదొక్కటే తప్పు, మిగతాదంతా బాగుంది.

పేరు మధ్యలో ఇన్‌పుట్ వచ్చేలా కూడా పెట్టుకోవచ్చు. మేక్ ఎ బ్లాక్ కిటికీలో యాడ్ యాన్ ఇన్‌పుట్ రెండు రకాలు, ఒకటి నంబర్ ఆర్ టెక్స్ట్, ఒకటి బూలియన్ అంటే అవును కాదు రకం, మూడోది యాడ్ ఎ లేబుల్. "టిక్కీ పట్టాం" అని, పక్కన ఇన్‌పుట్, ఆ పక్కన "పాయింట్లకి" అని లేబుల్ పెడితే బ్లాక్ చదవడానికి టిక్కీ పట్టాం 10 పాయింట్లకి అని అచ్చం మాట్లాడినట్టే ఉంటుంది. నాకు ఇలా పెట్టడం చాలా ఇష్టం, నెల తర్వాత తెరిచినా గేమ్ తనంతట తనే కథ చెప్తుంది.

ఇంకో రెండు సంగతులు, నీకు త్వరలో ఎదురయ్యేవే. ఆ గులాబీ గుడ్డుని డిఫైన్ బయట ఇంకో స్క్రిప్టులో వాడితే 0 వస్తుంది, అది ఆ ప్రొసీజర్ లోపలే బతుకుతుంది. లోపల కూడా దాని విలువ మార్చడం కుదరదు, చదవడమే, మార్చాలంటే ఒక వేరియబుల్‌లోకి తీసుకుని దాన్ని మార్చు. రెండోది, నువ్వు టిక్కీలకి క్లోన్లు (ఆట నడుస్తుండగా పుట్టే బొమ్మ నకళ్ళు) వాడుతున్నావు కాబట్టి టిక్కీ పట్టాం చివర్లో డిలీట్ దిస్ క్లోన్ పెట్టావు, మంచిదే, కానీ అది అన్నిటికంటే కిందే ఉండాలి, దాని తర్వాత ఏం రాసినా నడవదు, ఆ క్లోనే పోయాక ఇంకెవరు నడుపుతారు.

ఇన్నీ చెప్పి ఒకటి చెప్పకపోతే తప్పవుతుంది, స్క్రాచ్ బ్లాకు లెక్క చేసి జవాబుని చేతికివ్వదు, అంటే తేజ ధర ఎంత అని అడిగితే 10 అని వెనక్కి ఇచ్చే బ్లాకు మై బ్లాక్స్‌లో తయారవదు. జవాబు అని ఒక వేరియబుల్ పెట్టి, ప్రొసీజర్ దాన్లో రాస్తుంది, పిలిచినవాడు ఆ తర్వాత వరసలో దాన్ని చదువుకుంటాడు.

ప్రశ్న: నేను బీటెక్ మొదటి సంవత్సరం, భవానీపురం. మా తమ్ముడికి సాయం చేస్తున్నా. బ్యారేజీ బొమ్మ దించి పెట్టకుండా పెన్‌తోనే 70 గేట్లూ గీయిస్తున్నాం, వరద పెరిగితే గేట్లు పైకి లేవాలి. గీత మెల్లగా గీస్తోంది, 2 సెకన్లు పైనే పడుతోంది, పైగా గేట్లు మెట్ల లాగా పైకెక్కిపోతున్నాయి. ఎక్కడ తప్పు?

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న చదివి నాకు ఎంత సంతోషమేసిందో. మా ఊరి బ్యారేజీకి 70 గేట్లు, దాన్ని ఒక గేటు నేర్పి 70 సార్లు పిలవడం కంటే ప్రొసీజర్‌కి మంచి పాఠం ఇంకేముంటుంది. 

మెట్ల సంగతి ముందు. మీ గేటు అనే ప్రొసీజర్ పైకెళ్ళి గీసి, వచ్చిన ఎత్తుకి తిరిగి రావట్లేదు. మొదటి గేటు అయ్యేసరికి పెన్ 5 అడుగులు పైన ఉండిపోయింది, రెండోది అక్కడ్నుంచి మొదలవుతుంది, మూడోది ఇంకా పైన్నుంచి. స్టేజీ 480 వెడల్పు, ఎక్స్ మైనస్ 240 నుంచి 240 దాకా, కాబట్టి ఒక్కో గేటుకి 480 బై 70, అంటే 6.86 దగ్గర. ఇలా రాసి చూడండి, గేటు అని పేరు, ఎత్తు అని ఇన్‌పుట్:

పెన్ డౌన్
చేంజ్ వై బై 60
చేంజ్ వై బై మైనస్ 60
పెన్ అప్
చేంజ్ వై బై ఎత్తు
పెన్ డౌన్
చేంజ్ ఎక్స్ బై 480 / 70
పెన్ అప్
చేంజ్ వై బై 0 - ఎత్తు

మొదటి రెండు కదలికల్లో పిల్లర్ గీసి కిందకొచ్చాం. తర్వాత పెన్ ఎత్తి, గేటు ఎంత లేపారో అంత పైకెళ్ళి, గేటు కింది అంచు అడ్డంగా గీశాం. చివరి వరస చూడండి, పైకెళ్ళినంతా కిందకి దిగిపోయాం. ఆ వరసే మీ దాంట్లో లేదు. ప్రొసీజర్ పని చేసి వెళ్ళిపోయేటప్పుడు పెన్ ఎత్తి ఉందా, ఎత్తు మొదట్లో ఉన్నంతే ఉందా, దిక్కు మారిందా అని చూసుకోవాలి, ఎరువు తెచ్చుకున్న రోలు కడిగి ఇచ్చినట్టు. ఇక్కడ కుడివైపు జరగడం మాత్రం మనం కావాలని వదిలిన మార్పు, పక్క గేటు అక్కడ్నుంచే మొదలవ్వాలి కాబట్టి.

480 / 70 కి అంకె టైప్ చెయ్యకండి, ఆకుపచ్చ భాగహారం బ్లాకే పెట్టండి, 6.86 అని గుండుగుత్తగా వేస్తే 70 గేట్లయ్యేసరికి ఆ కాస్త తేడా కూడబడుతుంది.

ఇక మెల్లగా గీయడం. స్క్రాచ్ లూపులో ఒక్కో చుట్టు అయ్యాక స్క్రీన్ మళ్ళీ గీస్తుంది, సెకనుకి 30 సార్లు. 70 చుట్లంటే 70 బై 30, మీరు చూసిన 2 సెకన్ల పైచిలుకు లెక్క అదే. దీనికి బ్యారేజీ అని ఇంకో బ్లాక్ చెయ్యండి, దానికీ ఎత్తు ఇన్‌పుట్ పెట్టండి, చేసేటప్పుడు అడుగున రన్ వితౌట్ స్క్రీన్ రిఫ్రెష్ అనే చిన్న గడి ఉంటుంది, దాన్ని టిక్ చెయ్యండి. డిఫైన్ బ్యారేజీ కింద ఇరేజ్ ఆల్, గో టు ఎక్స్ మైనస్ 240 వై మైనస్ 100, రిపీట్ 70, లోపల గేటు ఎత్తు. దీని లోపల్నుంచి పిలిచే గేటు కూడా అదే వేగంతో పోతుంది, దానికి విడిగా టిక్ అక్కర్లేదు. రెప్ప వేసేలోపు బ్యారేజీ వచ్చేస్తుంది. పెన్ బ్లాకులు కనపడకపోతే కింద ఎడమ మూల యాడ్ ఎక్స్‌టెన్షన్‌లో ఉంటాయి.

ఆ టిక్ పెట్టిన దాంట్లో వెయిట్ గానీ ఫరెవర్ గానీ పెట్టొద్దు. స్క్రీన్ తాజా చెయ్యొద్దని చెప్పి లోపల ఆగమంటే గేమ్ మొత్తం బిగుసుకుపోయినట్టవుతుంది. పైన పటమట బాబుకి చెప్పిన దెబ్బ తగిలింది బ్లాకులో వెయిట్ ఉంది, అందుకే దానికి ఈ టిక్ చెప్పలా, పెడితే మినుకుమనడం కూడా కనపడదు.

వరద నీళ్ళు అని ఒక వేరియబుల్ ఉందన్నారు కదా, అది మారినప్పుడల్లా బ్యారేజీ 0 బదులు బ్యారేజీ 15, బ్యారేజీ 40 అని పిలవండి. 2024 వరదలో 11 లక్షల క్యూసెక్కులు దాటింది కదా, ఆ రోజుకి బ్యారేజీ 60, గేటు పిల్లర్ తలదాకా లేచినట్టు.

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేట నుంచి, డిప్లొమా స్టూడెంట్. మా ల్యాబ్‌లో మైక్రోసాఫ్ట్ స్మాల్ బేసిక్ ఉంది. 10 వరసలు, వరసకి 3 ఇటుకలు, బంతితో పగలగొట్టే గేమ్. సబ్‌కి ఇన్‌పుట్ ఎలా ఇవ్వాలి? బ్రాకెట్లో అంకె పెడితే ఎర్రర్ అంటోంది. ఇంకోటి, వరసలు గీయడం మొదలెడితే ఆగట్లేదు.

జవాబు: స్మాల్ బేసిక్‌లో సబ్‌కి ఇన్‌పుట్ ఉండదు బాబూ, ఆ భాషని అంత చిన్నగా ఉంచారు. 2008లో వచ్చినప్పట్నుంచి దాని ఉద్దేశం అదే, కొత్తవాడికి భయం లేకుండా. సబ్ అని రాసి పేరు, కింద పనులు, చివర ఎండ్‌సబ్, పిలిచేటప్పుడు పేరు పక్కన ఖాళీ బ్రాకెట్లు. అంకె పంపాలంటే పిలిచే ముందు వరసలో ఒక వేరియబుల్‌లో పెట్టు, ఇటుక_ఎక్స్ 40, ఇటుక_వై 60 లాగా, సబ్ లోపల వాటిని చదువుకో. 

ఆగకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. స్మాల్ బేసిక్‌లో వేరియబుల్స్ అన్నీ అందరివీ, సబ్‌కి సొంతంగా ఏదీ ఉండదు. నువ్వు బయట ఫర్ ఐ 1 నుంచి 10 అని పెట్టి, లోపల వరస గీసే సబ్‌ని పిలిచావు, ఆ సబ్‌లో మళ్ళీ ఫర్ ఐ 1 నుంచి 3. రెండూ ఐ యే. నెమ్మదిగా చెయ్యి చూద్దాం కాగితం మీద: బయట ఐ 1, సబ్‌లోకి వెళ్ళింది, లోపలి లూపు 1, 2, 3 అయి బయటికొచ్చేసరికి ఐ 4. బయటి లూపు ఒకటి కలిపి 5 చేసింది, 5 ఇంకా 10 దాటలేదు, మళ్ళీ సబ్, మళ్ళీ ఐ 4 అయి వచ్చింది, మళ్ళీ 5. ఇక 10 ఎప్పటికీ రాదు. లోపలి దానికి జె అని గానీ, ఇంకా మంచిది ఇటుక అని బయటి దానికి వరస అని గానీ పేర్లు పెట్టు. ఐ, జె లకంటే వరస, ఇటుక అన్న మాటలు నువ్వు చదివినా ఇంకొకళ్ళు చదివినా వెంటనే తెలుస్తాయి.

ఒకటి మర్చిపోకు, కీ నొక్కితే బ్యాట్ కదలాలి కదా, గ్రాఫిక్స్‌విండో డాట్ కీడౌన్ ఈక్వల్ టు అని సబ్ పేరు ఇచ్చేటప్పుడు బ్రాకెట్లు పెట్టకూడదు. అక్కడ మనం సబ్‌ని పిలవట్లేదు, కీ నొక్కినప్పుడు వీడిని పిలువు అని పేరు రాసిస్తున్నాం.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గుంటూరు లక్ష్మీపురం. మా అబ్బాయి 7వ తరగతి, సెలవులంతా స్క్రాచ్‌లో పిల్లి బొమ్మలు కదుపుతున్నాడు. ఇది ఆటేనా, చదువేనా? నేరుగా పైథాన్ చెప్పిస్తే ఉద్యోగాలకి పనికొస్తుంది కదా అని మా వాళ్ళంటున్నారు.

జవాబు: అండీ, మీ ఆందోళన అర్థమవుతుంది. మీ అబ్బాయి ఈ సెలవుల్లో ప్రొసీజర్ రాయడం ఒక్కటి నేర్చుకున్నా పెద్ద చదువు చదివినట్టే. పిల్లలకి ఇలా నేర్పాలనే ఆలోచన ఈమధ్య పుట్టింది కాదు. 1967లోనే అమెరికాలో వాలీ ఫ్యుర్‌జైగ్, సెమూర్ పాపర్ట్, సింథియా సోలమన్ వాళ్ళు లోగో అనే భాష తయారుచేశారు, తర్వాత దాన్లో తాబేలు వచ్చింది, పిల్లలు దాన్ని నడిపి బొమ్మలు గీసేవాళ్ళు. చతురస్రం గీయడం దానికి తెలీదు. టు స్క్వేర్ అని రాసి, రిపీట్ 4, ఫార్వర్డ్ 100, రైట్ 90, ఎండ్ అంటే ఇక ఆ రోజు నుంచి దానికి స్క్వేర్ అనే కొత్త మాట వచ్చేసినట్టు. పిల్లాడు కంప్యూటర్‌కి మాటలు నేర్పుతున్నాడన్నమాట. స్క్రాచ్ ఆ ఇంటి బిడ్డే, ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ గారి బృందం 2007లో బయటికి తెచ్చింది. మొదట్లో సొంత బ్లాకులు చేసుకునే వీలు లేదు, 2013లో 2.0 తో వచ్చింది.

పైథాన్‌లో డెఫ్ అని రాసి పేరు, బ్రాకెట్లో ఇన్‌పుట్లు పెడతారు, అది మీవాడు స్క్రాచ్‌లో డిఫైన్ అని చేసే పనే. తేడా అక్షరాలు టైప్ చెయ్యడం, చుక్కా కామా తప్పకుండా చూసుకోవడం. ఆలోచన ముందు కుదిరితే టైపింగ్ తర్వాత వస్తుంది. నేను పిల్లల్ని చూసినంతలో, స్క్రాచ్‌లో ఇన్‌పుట్లున్న బ్లాకు తనంతట తను చేసిన పిల్లాడు పైథాన్‌లో ఫంక్షన్ దగ్గర తడబడలేదు, అది తెలీకుండా నేరుగా వచ్చినవాళ్ళు మాత్రం ఆ బ్రాకెట్ల దగ్గర చాలా రోజులు కష్టపడ్డారు. మీరు ఒక పని చెయ్యండి, సాయంత్రం వాడి పక్కన కూర్చుని ఈ బ్లాకు ఏం చేస్తుందిరా అని అడగండి. తడుముకోకుండా చెప్తే చదువు సాగుతున్నట్టే.

ప్రశ్న: కృష్ణలంక, 9వ తరగతి. నేను లాంచీ స్ప్రైట్‌లో చేసిన బ్లాకు, పడవ స్ప్రైట్‌లోకి వెళ్తే కనపడట్లేదు. డిలీట్ అయిందా?

జవాబు: పోలేదు నాన్నా. మై బ్లాక్స్‌లో చేసింది ఆ స్ప్రైట్‌దే (స్ప్రైట్ అంటే గేమ్‌లో ఒక్కో బొమ్మ), పక్క స్ప్రైట్‌కి కనపడదు. అదే పని పడవ కూడా చెయ్యాలంటే డిఫైన్ మొత్తాన్ని పట్టుకుని కింద స్ప్రైట్ల వరసలో పడవ బొమ్మ మీదకి లాగి వదులు, కాపీ పడుతుంది. లాగిన్ అయి ఉంటే బ్యాక్‌ప్యాక్‌లో దాచుకుని వేరే ప్రాజెక్టులో కూడా తీసుకోవచ్చు. కాపీ వద్దు, పడవకి చెప్తే చాలు అనుకుంటే బ్రాడ్‌కాస్ట్, అంటే అన్ని స్ప్రైట్లకీ వినపడే కబురు, పంపు, పడవలో వెన్ ఐ రిసీవ్ కింద దాని పని రాయి. మామూలు బ్రాడ్‌కాస్ట్ కేక వేసి ముందుకెళ్ళిపోతుంది, పని అయ్యేదాకా ఆగాలంటే బ్రాడ్‌కాస్ట్ అండ్ వెయిట్.

ప్రశ్న: సత్యనారాయణపురం నుంచి, 9వ తరగతి అమ్మాయిని. ఆట మొదలు అనే బ్లాకులో చివర్న, గేమ్ ఓవర్ అయ్యాక మళ్ళీ మొదలవ్వాలని ఆట మొదలు బ్లాకే పెట్టా. పని చేస్తోంది కానీ చాలాసేపు ఆడితే మెల్లబడుతోంది. ఒక బ్లాకు లోపల అదే బ్లాకు పెట్టకూడదా?

జవాబు: పెట్టొచ్చు తల్లీ, దాన్ని రికర్షన్ అంటారు, కానీ నీ పనికి అది కాదు. ఆట మొదలు లోపల్నుంచి ఆట మొదలుని పిలిస్తే మొదటిది ఇంకా పూర్తవలేదు, రెండోది అయ్యేదాకా చూస్తూ నిలబడి ఉంది, రెండోది మూడోదాని కోసం, అలా నువ్వు ఎన్ని ఆటలాడితే అన్ని పిలుపులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటున్నాయి. నీకు కావాల్సింది ఫరెవర్. జెండా కింద ఫరెవర్ పెట్టి లోపల ఆట మొదలు, ఆట నడుపు, ఆట ముగింపు అని మూడు బ్లాకులు వరసగా పెట్టు. ఒకటి పూర్తయి బయటికొచ్చాక ఇంకోటి, ఏదీ పేరుకోదు.

రికర్షన్ అందం చూడాలనుంటే పెన్‌తో ఒక చెట్టు గియ్యి. చెట్టు అని బ్లాకు, పొడవు ఇన్‌పుట్, స్క్రీన్ రిఫ్రెష్ టిక్ పెట్టు. డిఫైన్ కింద మొట్టమొదట ఇఫ్ పొడవు 5 కంటే ఎక్కువ, మిగతా అంతా దాని లోపలే: మూవ్ పొడవు, ఎడమకి 25 డిగ్రీలు, చెట్టు పొడవు ఇంటూ 0.7, కుడికి 50, మళ్ళీ చెట్టు పొడవు ఇంటూ 0.7, ఎడమకి 25, మూవ్ 0 మైనస్ పొడవు. చివరి రెండూ ఎందుకో భవానీపురం అక్కకి చెప్పిన బ్యారేజీలో ఉంది. ఇరేజ్ ఆల్ కొట్టి, కింద మధ్యలో నిలబడి, పాయింట్ ఇన్ డైరెక్షన్ 0 అని పైకి తిరిగి, పెన్ డౌన్ చేసి చెట్టు 60 అని పిలువు. 60, 42, 29 అలా తగ్గుతూ ఏడో వరసకి 7 అవుతుంది, ఆ తర్వాత 5 లోపుకి పడిపోతుంది కాబట్టి ఆ ఇఫ్ ఇక లోపలికి వెళ్ళనివ్వదు. మొత్తం 127 కొమ్మలొస్తాయి, లెక్కపెట్టి చూడు. ఆ ఇఫ్ తీసేశావంటే చెట్టు పూర్తవదు, మొదటి కొమ్మ దగ్గరే ఎడమకి తిరుగుతూ కూర్చుంటుంది.